అప్ప నేర్చుకున్న బహువచనాలు

మా వీధికి ఎండుచేపలు తెచ్చే అమ్మాయి మొన్న తట్ట దించుతూనే, "రేపు రానేనమ్మా. మా ఊరి నర్సమ్మ దినం" అంది.

"ఏ నర్సమ్మ?"

"పెద్ద నర్సమ్మ. ఉజ్జోగం అయిపోనా ఊరు ఒగ్గి ఎల్నేదు. నిద్దట్లోనే పోనాది."

"గొంతు పెద్దదా?"

ఆ అమ్మాయి నా మొహంలోకి చూసింది. "మీకు తెలుసేటి? ఒడ్డున నిలబడి కేకేసినాదంటే తెప్ప మీదున్నోడు ఎనక్కి తిరిగి సూసీవోడు."

ఊరి పేరు అడిగాను. చెప్పింది. ఇంక అనుమానం లేదు. నేను మా అబ్బాయి దగ్గరకి ఎచ్చెర్ల వచ్చింది ఈమధ్యే. ఆ ఊరు ఇంత దగ్గరలో ఉందని కూడా నాకు తట్టలేదు. ఆ పూట కొన్న చేపలు అలాగే పక్కన పెట్టి, పెరటి అరుగు మీద కూర్చుండిపోయాను.

ఆవిడ పేరు మాలో ఎవరమూ పలకలేదు. మావైపు అక్కని అప్ప అంటారు. హాస్టల్లో అందరికంటే పెద్దది కాకపోయినా అందరికీ అప్పే. ఆవిడ జీవితమంతా నాకు తెలీదు. రెండేళ్ళు పక్కపక్కన పడుకున్నాం, ఒక పుస్తకంలో చదువుకున్నాం. నాకు తెలిసిందల్లా అంతే. ఇంగ్లీషులో చైల్డ్, చిల్డ్రన్ అనే రెండు మాటలు ఎక్కడ చూసినా ఈనాటికీ నాకు ముందు ఆవిడే కనిపిస్తుంది.

అరవైల చివరి రోజులవి. విజయనగరంలో ఒక మహిళా సంఘం వాళ్ళు, బడి వయసు దాటిపోయిన ఆడవాళ్ళకి రెండేళ్ళలో మెట్రిక్ కట్టించే చదువు నడిపేవారు. పాత పెంకుటిల్లు. ముందు హాలు క్లాసు, వెనక గదులు హాస్టలు, పెరట్లో నుయ్యి. భర్త పోయినవాళ్ళు, భర్త వదిలేసినవాళ్ళు, నాలాంటివాళ్ళు ఉండేవారు. నాది గజపతినగరం పక్క పల్లె. మా అమ్మ పోయినప్పుడు ఆరో క్లాసులో బడి మానేసి ఇంటి పొయ్యి అందుకున్నాను. అన్నయ్యకి పెళ్ళయి వదిన వచ్చాక మా నాన్న, "ఇన్నాళ్ళూ మాకు వొండినావు, ఇప్పుడైనా సదువుకోవే" అని తెచ్చి దింపాడు.

అప్ప వచ్చిన రోజు నేను గేటు దగ్గరే ఉన్నాను. పొడుగ్గా, నల్లగా, గోచీ పోసి కట్టిన ముదురు చీర, చంకలో బట్టల మూట. వార్డెనమ్మ మెట్ల మీంచే చెయ్యి ఊపింది.

"చేపలు మేం కొనమమ్మా, వెళ్ళు."

"సేపలు తేనేదమ్మా. సదువుకి వొచ్చినాను."

ఆ గొంతుకి లోపల పడుకున్నవాళ్ళు కూడా లేచి వచ్చారు. తర్వాత ఎన్నిసార్లు "మెల్లగా, మెల్లగా" అని చెప్పినా ఆవిడకి చేతనయ్యేది కాదు. "సముద్రం పక్కన పెరిగినాం కాదేటి. మెల్లగా అంటే మామాట మాకే ఇనబడదు" అనేది. దేవుడికి దణ్ణం పెట్టుకున్నా వీధిలోకి వినబడేది.

బెంచీ మీద కాళ్ళు వేలాడేసి కూర్చుంటే తల తిరుగుతుందనేది. కాళ్ళు పైకి మడిచి పెట్టుకునేది. పెన్సిలు, వలలు అల్లే చువ్వని పట్టుకున్నట్టు గుప్పిట్లో పట్టుకునేది. పొద్దున్నే నూతి గట్టు మీద నిలబడి, గాలి ఎటు వీస్తోందో మొహంతో చూసి, "ఈరోజు తెప్పలెయ్యరు" అనో, "ఈరోజు బాగా పడతాయి" అనో చెప్పేది. మాకెవరికీ దాంతో పనిలేదు. అయినా రోజూ చెప్పేది. కొన్నాళ్ళకి ఆవిడ చెప్పకపోతే మాకు తెల్లారినట్టు ఉండేది కాదు.

నెలకోసారి వాళ్ళాయన వచ్చేవాడు. సన్నటి మనిషి. భుజం మీద మూడేళ్ళ కొడుకు, చేతిలో తాటాకులో చుట్టిన ఎండు నెత్తళ్ళు. హాస్టల్లోకి చేపలు రానిచ్చేవారు కారు కనక, ఎదురుగా టీ బడ్డీ పక్కన కూర్చుని తినేవాళ్ళు. మాటలన్నీ ఆవిడవే. ఆయన తలూపేవాడు. ఆ రెండేళ్ళలో ఆయన గొంతు ఎలా ఉంటుందో నేను వినలేదు. వెళ్ళేటప్పుడు పిల్లాడు ఏడ్చేవాడు. వాడి ఏడుపు వీధి మలుపు తిరిగేదాకా ఆవిడ అక్కడే నిలబడి, తర్వాత లోపలికి వచ్చి పెరడంతా ఊడ్చేది.

ఆవిడకి నర్సు చదువు కావాలి. దానికి మెట్రిక్ కావాలి, ఇంగ్లీషు కావాలి అన్నారట. ఎందుకు నర్సే అని మొదట్లో ఎవరడిగినా, "మా ఊరికి కావాల" అని ఊరుకునేది.

మా ఇంగ్లీషు టీచరమ్మ విజయనగరం మనిషే. పెళ్ళి చేసుకోలేదు. తెల్ల చీర, నల్ల గొడుగు, గట్టిగా మాట్లాడితే అలిసిపోయే గొంతు. ఆవిడకీ అప్పకీ క్లాసులో మాటలు నడుస్తుంటే వినడానికి భలే ఉండేది.

బహువచనం మొదలెట్టినప్పుడు అప్పకి ఇంగ్లీషంటే ప్రేమ పుట్టింది. చివర ఒక ఎస్ తగిలిస్తే చాలు, ఒకటి అనేకం అయిపోతుంది. బోట్, బోట్స్. నెట్, నెట్స్. పాట్, పాట్స్. "ఇంతేటి! ఇంత సులువైనదాన్ని పట్టుకునా అందరూ బయపడతన్నారు?" అంది. ఆ వారమంతా కనబడిన ప్రతిదానికీ ఎస్ తగిలించింది. వంటింట్లో గిన్నెస్, గరిటెస్. పెరట్లో అరటిచెట్స్. వార్డెనమ్మ కూడా చాటుగా నవ్వుకుంది.

మరుసటి వారం టీచరమ్మ బోర్డు మీద ఫుట్, ఫీట్ అని రాసింది. దాని కింద టూత్, టీత్. మ్యాన్, మెన్. ఆక్స్, ఆక్సెన్. వీటికి ఎస్ పనికిరాదు, ఎలా ఉన్నవి అలా నేర్చుకోవాల్సిందే అంది.

"ఎందుకు పనికిరాదు?" అప్ప అడిగింది.

"అది అంతే."

"అంతే అంటే ఎలగమ్మా? నిన్నటిదాకా ఒక దారి సూపించి ఈరోజు ఆ దారి నేదంటే?"

టీచరమ్మ ఫిష్ అని రాసింది. దాని పక్కన మళ్ళీ ఫిష్ అనే రాసింది. "ఒక చేప ఉన్నా ఫిష్షే. చాలా ఉన్నా ఫిష్షే."

అప్ప బెంచీ మీంచి కాళ్ళు కిందికి దించింది. ఎప్పుడూ అలా చెయ్యదు.

"ఒక సేపకీ, వల నిండా పడిన సేపలకీ ఒకటే మాటా?"

"అవును."

"ఒక్క సేపతో ఇంటికొచ్చినోడు, తెప్ప నిండా తెచ్చినోడు, ఇద్దరూ పెళ్ళానికి ఒకటే మాట సెప్తారా? ఆళ్ళెప్పుడూ సేపలు పట్నేదేటమ్మా?"

క్లాసంతా పగలబడి నవ్వింది. టీచరమ్మ గొడుగు మీద చెయ్యి వేసుకుని, నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగింది. అప్ప మాత్రం నవ్వలేదు. ఆవిడకి నిజంగానే అది అన్యాయంగా తోచింది.

ఆ నవ్వులు సద్దుమణిగాక టీచరమ్మ ఇంకో మాట రాసింది. చైల్డ్. పక్కన, చిల్డ్రన్. అందరం పలికాం. అప్ప పలకలేదు. కాసేపయ్యాక మామూలు మనిషి గొంతుతో అడిగింది. అంత చిన్న గొంతు ఆవిడకి ఉందని మాకు అప్పటిదాకా తెలీదు.

"ఒకరుంటే చైల్డు. ఇద్దరుంటే చిల్డ్రన్. ముందు ఇద్దరుండి, ఇప్పుడు ఒకరే ఉంటే ఏటనాలమ్మా?"

టీచరమ్మ సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది. "తర్వాత చెప్తాను" అంది. ఆ రోజు పాఠం అంతటితో ఆపేసింది.

సాయంత్రం బట్టలు పిండుకుంటూ అప్ప నాకు చెప్పింది. కొడుకు తర్వాత కూతురు పుట్టింది. బొద్దుగా, నెత్తి నిండా జుట్టుతో. వారం తిరిగేసరికి పాలు పట్టడం మానేసింది. దవడ బిగుసుకుపోయింది. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టారు. ఒళ్ళు విల్లులా వంగిపోతుంటే వాళ్ళాయన పిల్లని రొమ్ముకి కట్టుకుని ఇసకలో పరిగెత్తాడు. రోడ్డు చేరి, బస్సు పట్టుకుని, ఆసుపత్రికి వెళ్ళేసరికి అయిపోయింది.

"ఆడ నర్సు సెప్పినాది. బొడ్డు కోసిన కత్తి వల్ల వొచ్చినాదట. తుప్పు కత్తి. దాన్ని నీళ్ళలో మరగబెట్టి ఉంటే గుంట బతికీదట. నీళ్ళలో మరగబెడితే సాలునట!" చీరని నూతి గట్టుకేసి బాదింది. "మా ఇంట్లో నీళ్ళు నేవా? పొయ్యి నేదా?"

ఆ నర్సే అందట, మీ ఊరి నుంచి ఒక్కరు నేర్చుకున్నా చాలు, మిగిలినవాళ్ళు బతుకుతారని. అప్ప చిన్నప్పుడు ఐదో క్లాసు చదివింది. ఇంటికి వెళ్ళే దారిలో ఆవిడే వాళ్ళాయన్ని అడిగింది, నేను వెళ్ళి నేర్చుకుంటానని. ఆయన అప్పుడూ తలూపాడు.

అర్ధసంవత్సరం పరీక్షలో ఇంగ్లీషు తప్పింది. ఫీట్ రాయాల్సిన చోట ఫుట్స్, టీత్ రాయాల్సిన చోట టూత్స్ రాసింది. చైల్డ్ పక్కన ఏమీ రాయకుండా వదిలేసింది. మార్కులు చూసుకుని మూట కట్టేసింది. "నాకు రాదు. ఎల్లిపోతాను. ఇక్కడ కూకుని తిండి తినడం, అక్కడ గుంటడు ఏడవడం. ఏటికిది?"

వార్డెనమ్మ చెప్పి చూసింది. నేను ఏడ్చాను. చివరికి టీచరమ్మకి కబురు వెళ్ళింది. ఆవిడ గొడుగేసుకుని వచ్చి, తెల్లచీర మాసిపోతుందని కూడా చూసుకోకుండా, పెరట్లో అప్ప పక్కన నేల మీద కూర్చుంది. నేను అక్కడే బియ్యం ఏరుతున్నాను.

"నీకు ఇల్లు ఒకటుంటే ఏమంటావు?"

"ఇల్లు."

"రెండుంటే?"

"ఇళ్ళు."

"ఇల్లులు అని ఎందుకు అనవు?"

అప్ప విసుగ్గా చూసింది. "అలగెవులంటారు?"

"కన్ను?"

"కళ్ళు."

"కన్నులు అనవేం? సరే. ఊరు?"

"ఊళ్ళు."

"చెయ్యి?"

"సేతులు." ఈసారి అప్ప తనే ఆగింది. కొంచెం తల వంచి ఆ మాటని మళ్ళీ మెల్లగా అనుకుంది. "సెయ్యి, సేతులు. ఇందులోకి త ఎలగొచ్చినాది?"

"నాకేం తెలుసు? నువ్వే అన్నావు. నీకెవరు నేర్పారు?"

"ఎవులు నేర్పుతారు? మాయమ్మ అంటాంటే ఇన్నాను."

"ఆ దేశం పిల్లలూ అంతే. వాళ్ళమ్మ అంటుంటే విన్నారు. వాళ్ళకీ ఎందుకో తెలీదు. నీకు ఆ భాషలో అమ్మ లేదు. నేనున్నాను. నేనంటాను, నువ్వు విను. ఎందుకని అడక్కు. రోజూ విను."

అప్ప చాలాసేపు నేలమీద చేత్తో ఇసక పోగేసింది. "పాలు ఒకటే ఉంటే ఏటంటారమ్మా?" అని హఠాత్తుగా అడిగింది.

టీచరమ్మ ఆలోచించింది. ఆవిడకీ తెలీలేదు. "నీళ్ళకీ లేదు" అంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు అప్పే నవ్వింది. మూట విప్పేసింది.

అప్పట్నుంచి ఆవిడ పద్ధతి మారిపోయింది. అడగడం మానేసి వినడం మొదలుపెట్టింది. టీచరమ్మ పలుకుతుంటే కళ్ళు మూసుకుని వినేది. నీళ్ళు తోడేటప్పుడు నేను గిలక దగ్గర నిలబడి "మౌస్" అంటే, చేద పైకొచ్చేలోపల ఆవిడ "మైస్" అనాలి. తప్పితే ఆ చేద నీళ్ళు మళ్ళీ నూతిలోకి పోసేసేది. వంటమనిషి తిట్టేది. ఆవిడ వినిపించుకునేది కాదు. నైఫ్, నైవ్స్. లైఫ్, లైవ్స్. వీటిని మాత్రం నేను అడగకుండానే చెప్పేసేది, గట్టిగా, ఎవరికో వినిపించాలన్నట్టు.

ఆ చలికాలంలో నాకు విషజ్వరం వచ్చింది. వార్డెనమ్మ భయపడి నన్ను ఇంటికి పంపిస్తానంది. బస్సులో పంపిస్తే దారిలోనే ఏమైనా అయిపోతుందని అప్ప అడ్డుపడింది. నా గిన్నె, నా గ్లాసు, నా గుడ్డలు, అన్నీ మరిగే నీళ్ళలో వేసింది. ఎవరూ చెప్పకుండానే. నేను మగతలోకి జారిపోతుంటే మొహం మీద తడిగుడ్డ వేసి, "ఒసే, గూస్ అంటే?" అని అరిచేది. "గీస్" అని గొణిగేదాన్ని. తప్పు చెప్పినా నొచ్చుకునేది కాదు. జవాబు చెప్పకుండా ఉండిపోతేనే భయపడేది. నేను లేచి కూర్చున్న రోజున మెతుకులు మెత్తగా చిదిమి తినిపిస్తూ, "నీకిన్ని మాటలు వొచ్చినాయి, నాకు అందులో సగం నీ జొరంలోనే వొచ్చినాయి" అంది. మా అమ్మ పోయాక ఇంకొకరి చేత్తో అన్నం తినడం నాకు అదే మొదలు.

మెట్రిక్ ఇద్దరం పాసయ్యాం. ఆవిడకి ఇంగ్లీషులో గట్టెక్కేటన్ని మార్కులే వచ్చాయి. చాలు అంది.

విజయనగరం ఆసుపత్రిలో నర్సు శిక్షణకి మనుషుల్ని ఎంచే రోజున నేను తోడు వెళ్ళాను. అంతకు ముందురోజు వార్డెనమ్మ అప్పని కూర్చోబెట్టి చెప్పింది. "చిన్నపిల్లలున్న వాళ్ళని తీసుకోవడానికి వాళ్ళు వెనకాడతారు. మధ్యలో మానేస్తారని భయం. పిల్లల్లేరని చెప్పు. ఎవరొచ్చి చూస్తారు?"

నన్ను వరండాలో కూర్చోబెట్టారు. తలుపు వేసే ఉంది. అయినా ఆవిడ మాటలన్నీ నాకు వినబడ్డాయి. ముందు పేరు, ఊరు, చదువు అడిగారు. ఇంగ్లీషులోనే చెప్పింది. తర్వాత ఒక మగగొంతు అడిగింది, పిల్లలున్నారా అని. ఆ ప్రశ్నలో ఆ మాట ఉంది, చిల్డ్రన్.

నేను బల్ల అంచు పట్టుకున్నాను.

"ఐ హేడ్ టూ చిల్డ్రన్, సార్. నౌ వన్ చైల్డ్."

ఒక్క తప్పు లేదు. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. లోపల ఎవరో ఆడడాక్టరు తెలుగులో, "రెండో బిడ్డకి ఏమైందమ్మా?" అని అడిగింది. అప్ప చెప్పింది. తుప్పు కత్తి గురించి, ఇసకలో పరుగు గురించి. చివర, "అది నేర్సుకుందామనే వొచ్చినానమ్మా" అంది. మగగొంతు, ఉన్న బిడ్డ వయసెంతని అడిగింది. ఐదు అంది. "సరే, వెళ్ళు" అన్నారు.

పేర్లు గోడకి అంటించినప్పుడు అందులో ఆవిడ పేరు లేదు.

వార్డెనమ్మకి కోపం వచ్చింది. జాలితో వచ్చిన కోపం. "చెప్పానా! ఒక్క అబద్ధం ఆడలేకపోయావు. రెండేళ్ళు ఇక్కడ గాడిదలా చదివి ఏం లాభం?"

అప్ప మూట కడుతూనే జవాబు చెప్పింది. "కొడుకుని నేదంటే ఆడొచ్చి అమ్మా అంటాడు, ఆ అబద్దం ఆడే తుడిసేస్తాడు. గుంట అలగ కాదమ్మా. అది పుట్టినాదని సెప్పడానికి మాయింటోళ్ళం తప్ప ఎవులున్నారు? నానే నేదంటే ఇంకది నేనట్టే."

వార్డెనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున వాళ్ళాయన వచ్చి తీసుకెళ్ళాడు. ఈసారి పిల్లాడు ఏడవలేదు. తల్లి మెడ పట్టుకుని నవ్వుతూ వెళ్ళాడు. ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు.

ఒక నెల గడిచిందేమో. నేను టీచరు ట్రైనింగులో చేరడానికి ఇంకా హాస్టల్లోనే ఉన్నాను. ఆసుపత్రి నుంచి ఒకతను సైకిలు మీద వచ్చాడు. ఎంపికైనవాళ్ళలో ఒకమ్మాయి చేరలేదట. ఆ ఆడడాక్టరు పట్టుబట్టి ఆ చోటు అప్పకి ఇప్పించింది. కానీ సోమవారం పొద్దుటికల్లా రావాలి. అప్పటికే శుక్రవారం. ఆ ఊరికి టపా ఎప్పుడు చేరుతుందో చెప్పలేం.

టీచరమ్మ గొడుగు తీసుకుంది. "పద, వెళ్దాం" అంది నాతో.

శనివారం పొద్దున్నే బయల్దేరాం. శ్రీకాకుళం దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి ఇంకో బస్సు. దారిలో పోలీసులు బస్సు ఆపి అందరి మూటలూ విప్పించారు. కొండలవైపు గొడవలు నడుస్తున్న రోజులు. టీచరమ్మ గొడుగు కూడా తెరిచి చూశారు. బస్సు దిగాక సరుగుడు తోటల మధ్య నుంచి నడక, తర్వాత ఇసక. టీచరమ్మ చెప్పులు చేత్తో పట్టుకుంది. ఆయాసపడుతోంది. ఆగుదామంటే వద్దంది.

ఒడ్డున ఆడవాళ్ళు నెత్తళ్ళు ఆరబోస్తున్నారు. అప్ప దూరం నుంచే మమ్మల్ని చూసి లేచి నిలబడింది. మేం దగ్గరికి వచ్చేదాకా అలాగే నిలబడి ఉంది. టీచరమ్మకి మాట రాలేదు ఆయాసంతో. నేనే చెప్పాను. "అప్పా, నీకు సీటొచ్చింది. సోమవారం చేరాలి."

అప్ప చేతులకున్న చేపపొలుసులు చీరకి తుడుచుకుంది. టీచరమ్మ చేతులు పట్టుకోబోయి, వాసన వస్తుందని ఆగిపోయింది. టీచరమ్మే పట్టుకుంది.

ఆ పూట వాళ్ళింట్లోనే ఉన్నాం. తాటాకు గుడిసె, లోపల చల్లగా ఉంది. టీచరమ్మ చేపలు తినదని అప్పటికప్పుడు ఎవరింటి నుంచో అరటికాయలు తెచ్చి వండారు. గుమ్మం పక్కన వాళ్ళత్త కూర్చుని ఉంది. బాగా ముసలావిడ. మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుని మమ్మల్ని చూస్తూ ఉంది. మేం భోజనం ముగించాక మెల్లగా టీచరమ్మ దగ్గరికి జరిగింది.

"అమ్మా, ఇది ఆడ నేర్సుకుని వొస్తాది కదా. వొచ్చినాక నాకు సెప్పొచ్చా? ముసల్దాన్ని. నాకొస్తాదా?"

"ఎందుకు రాదమ్మా? వస్తుంది" అంది టీచరమ్మ.

ముసలావిడ తలూపి, తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంది. ఆ మాట ఎందుకడిగిందో మాకు అప్పుడు తెలియలేదు.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. అప్ప మూట ముసలావిడే నెత్తిన పెట్టుకుంది. అప్ప వాళ్ళాయన అడిగినా ఇవ్వలేదు. నేను అడిగినా ఇవ్వలేదు. ఇసకంతా దాటి రోడ్డు దాకా మాతో నడిచి, బస్సు వచ్చాక మూట మాకందించింది. పిల్లాడు తండ్రి భుజం మీద నిద్రపోతున్నాడు.

తర్వాత జరిగినవి నేను విన్నవే. శిక్షణ పూర్తి చేసిందనీ, ఆ తీరం మీదే ఉద్యోగం వేయించుకుందనీ, చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఇసకలో నడిచే తిరిగేదనీ. నేను బొబ్బిలి వైపు టీచరుగా వెళ్ళిపోయాను. పెళ్ళీ, పిల్లలూ, బదిలీలూ. టీచరమ్మ పోయినప్పుడు ఒకసారి విజయనగరంలో కనబడింది. జనంలో ఎక్కువ మాట్లాడుకోలేదు. భుజం మీద చెయ్యి వేసి నిలబడింది, అంతే. నేను ఆవిణ్ణి నిజంగా తెలుసుకున్నది మాత్రం ఆ ఆదివారం బస్సులోనే.

బస్సు కదిలి చాలాదూరం వచ్చేశాం. టీచరమ్మ కిటికీకి తలాన్చి కునుకు తీస్తోంది. అప్పుడు అప్ప నాతో చెప్పింది.

"ఆరోజు బొడ్డు కోసినాది మాయత్తే."

నేను తల తిప్పి చూశాను.

"ఊర్లో అందరికీ ఆవిడే కానుపు సేసీది. మాయాయన తమ్ముళ్ళ పిల్లల్నీ, ఊరోళ్ళ పిల్లల్నీ, అందర్నీ ఆ సేతుల్తోనే పట్టినాది. ఆసుపత్రిలో నర్సు సెప్పినమాట నాను ఇంటికొచ్చి అత్తకి సెప్పీసినాను. దాయడం నాకు సేతకాదు కదా. ఆవిడ కత్తి అట్టుకెళ్ళి సముద్రంలో ఇసిరీసినాది. అప్పట్నుంచి ఎవులు పిలిసినా కానుపుకి ఎల్నేదు. కాళ్ళు పట్టుకున్నా ఎల్నేదు. ఊర్లో ఆడోళ్ళు ఏం సేస్తారు? ఎవులికి తోసినట్టు ఆళ్ళు సేసుకుంటన్నారు."

"నీకు కోపం రాలేదా, అప్పా?"

"వొచ్చినాది. వొచ్చినాది. పిల్ల పోయినాక సానా దినాలు ఆవిడెట్టిన కూడు తిన్నేదు. ఒకరోజు సూస్తే ఆవిడా తిన్నేదు. నాను తినడం మానేసిన్నాటి నుంచీ తిన్నేదు. అప్పుడు ఇద్దరం కూకుని తిన్నాం."

బస్సు ఒక ఊళ్ళో ఆగింది. ఎవరో కోళ్ళగంప ఎక్కించారు. మళ్ళీ కదిలింది.

"నేర్సుకుని వొచ్చినాక మొదటి కానుపుకి ఆవిణ్ణి తీసుకెళ్తాను" అంది అప్ప. "నాను పక్కన కూకుంటాను. ఆవిడే పట్టాల."

అని, నా ఒళ్ళోంచి తన మూట తీసి తన ఒళ్ళో పెట్టుకుని, విజయనగరం వచ్చేదాకా రెండు చేతులతో దాన్ని పట్టుకునే కూర్చుంది.